పక్వము కాని అండము

సంతానము కొరకు చికిత్స పొందు దంపతులకు ముందుగా చెవినిబడునది ఒక అంకె. “పండ్రెండు అండములు లభించినవి” అని వైద్యులు చెప్పగానే ఇంటిల్లిపాదియు సంతోషింతురు. మరునాడు “ఆరు మాత్రమే ఫలదీకరణము చెందినవి” అను వార్త వచ్చును. తక్కిన ఆరు ఏమైనవి? లోపమెవరిది? ఈ ప్రశ్న పుట్టగానే పలు ఇండ్లలో నింద స్త్రీపై పడుచున్నది. అట్లు నిందించుటకు ముందు అండము ఎట్లు పక్వమగునో తెలిసికొనుట మంచిది.

ఆడశిశువు తల్లి గర్భమున నుండగానే అండములు ఏర్పడును. పుట్టునాటికి అవి సుమారు 10 లక్షల నుండి 20 లక్షల వరకు ఉండును. అవి విభజన ఆరంభించి, నడుమనే ఆగి, ఏండ్ల తరబడి నిద్రించుచుండును. యుక్తవయస్సు వచ్చిన పిదప నెలకొకమారు మెదడు అడుగుననున్న పిట్యూటరీ గ్రంథి నుండి ఎల్.హెచ్. అను హార్మోను ఒక్క పెట్టున వెలువడును. అదియే మేలుకొలుపు. అప్పుడు అండము తన 46 క్రోమోజోములను రెండు పాళ్లు చేసి, ఒక పాలును చిన్న కణముగా వెలికి నెట్టి, 23 క్రోమోజోములతో నిలుచును. ఆ చిన్న కణము సూక్ష్మదర్శినిలో కానవచ్చుటయే పక్వతకు గుర్తు. శుక్రకణముతో సరిగా కలియుటకు యోగ్యమైనది ఇట్టి అండమే.

ఈ మార్పునకు ఎంతకాలము పట్టును? పూర్వము 12 గంటలు చాలునని తలచిరి. 1965లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్టు ఎడ్వర్డ్స్ మానవ అండమునకు ఇంచుమించు 36 గంటలు కావలెనని చూపెను. ఆ కాలగణనము ఎరిగి, పక్వమైన అండమును గ్రహించుట వలననే 1978 జూలై 25న ఓల్డుహాం పట్టణమున లూయీస్ బ్రౌన్ జన్మించినది. 2010లో ఎడ్వర్డ్సునకు నోబెల్ బహుమానము లభించినది.

నేటి చికిత్సలోను సూత్రమదియే. మందులతో పెక్కు అండములను పెంచి, చివరగా మేలుకొలుపు ఇంజెక్షను ఇచ్చి, 34 నుండి 36 గంటలలో సూదితో వాటిని గ్రహింతురు. కనుక ఆ ఇంజెక్షను చెప్పిన గడియకే పడవలెను. అయినను ఒకే కొమ్మకు కాచిన కాయలన్నియు ఒకేనాడు పండవు గదా! సాధారణముగా పదింట ఏడెనిమిది మాత్రమే పక్వమై ఉండును. పండ్రెండింట తొమ్మిది పక్వమై, ఆ తొమ్మిదింట ఆరు ఫలించినచో అది అపజయము కాదు.

ఒక్క శుక్రకణమును సూదితో అండములోనికి పంపు ఇక్సీ పద్ధతి 1992 నుండి ప్రచారములోనికి వచ్చినది. అందును పక్వమైన అండమునే వాడుదురు. పక్వము కానివి కొన్ని, గడ్డిలో మాగవేసిన కాయలవలె, రాత్రి గడచునప్పటికి గాజుపాత్రలోనే పక్వమగును. కాని వాటి నుండి పిండములు ఏర్పడి ఎదుగుట తక్కువ. అపక్వమైన అండములనే కోరి గ్రహించి ప్రయోగశాలలో పక్వము చేయు పద్ధతియు కలదు. దానివలన తొలి శిశుజననమును 1991లో దక్షిణ కొరియా వైద్యులు ప్రకటించిరి. అండాశయమున పెక్కు నీటితిత్తులు గల స్త్రీలకు, మందులవలన అండాశయము మితిమీరి పొంగు అపాయమును తప్పించుట దీని గుణము. ఫలితములు మాత్రము వాడుక పద్ధతి కంటె సాధారణముగా కొంత తక్కువ.

అండములన్నియు మరల మరల అపక్వముగనే దొరకుట అరుదు. అట్టివారిలో కొందరికి జన్యులోపము కారణమని 2016లో టి.యు.బి.బి.8 అను జన్యువును గూర్చిన పరిశోధన తెలిపినది. తక్కినవారికి మందు మోతాదునో, ఇంజెక్షను రకమునో, కాలమునో మార్చి వైద్యులు మరల ప్రయత్నింతురు.

కావున దంపతులు “ఎన్ని లభించినవి?” అని మాత్రమే అడిగి ఊరకుండరాదు, “ఎన్ని పక్వమైనవి?” అనియు అడుగవలెను. రెండవ ప్రశ్నకు వచ్చు సమాధానమే తరువాతి చికిత్సకు దారి చూపును. అండము పండకపోవుట ఏ స్త్రీయు చేసిన తప్పు కాదు. ఈ సంగతి ఇంటి పెద్దలు గ్రహించినచో ఆమె మనస్సునకు సగము ఊరట కలుగును.