మోతీ మహల్ బోర్డు ఎవరిది? మన మెస్సుల కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి

బెంగళూరులో ఆంధ్ర మెస్సులు పెట్టి స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు ఇప్పుడు దుబాయ్, సింగపూర్ అంటున్నారు. "నాన్నగారి పేరు మీదే అక్కడా బోర్డు పెడతాం సార్, కాగితాలేమైనా కావాలా?" అని సంఘం ఆఫీసుకు వచ్చి అడుగుతున్నారు. కావాలి. ఎందుకు కావాలో వాళ్ళకు చెప్పేటప్పుడు నేను ఒక పంజాబీ హోటల్ కథ చెబుతుంటాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

పెషావర్‌లో మోఖా సింగ్ లాంబా అనే ఆయనకు మోతీ మహల్ అనే హోటల్ ఉండేది. కుందన్ లాల్ గుజ్రాల్ అందులో పనిచేసేవారు. 1947లో దేశం రెండు ముక్కలయింది. పెషావర్ అటు పోయింది, వీళ్ళు ఇటు వచ్చారు. ఢిల్లీలోని దర్యాగంజ్‌లో గుజ్రాల్, కుందన్ లాల్ జగ్గీ, ఠాకుర్ దాస్ ముగ్గురూ భాగస్వాములుగా అదే పేరుతో హోటల్ తెరిచారు. అంటే పేరు కూడా వాళ్ళు వెంట తెచ్చుకున్నదే. ఊరు వదిలి వచ్చినవాడికి చేతిలో మిగిలేది వంట ఒక్కటే అన్నది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రొట్టెలు కాల్చే మట్టి తందూరులో కోడిని కాల్చి అమ్మడం వీళ్ళ ప్రత్యేకత. నెహ్రూగారికి ఆ వంట నచ్చి, ప్రభుత్వ విందులకూ తెప్పించేవారు. బటర్ చికెన్, దాల్ మఖనీ కూడా ఈ హోటల్ పేరుతోనే లోకానికి తెలిశాయి. మిగిలిన తందూరీ ముక్కలు ఎండిపోకుండా టమాటా, వెన్న, మీగడ కలిపిన గ్రేవీలో వేశారని చెబుతారు. ఈ గ్రేవీలో వ్యాపారం కిటుకు కూడా ఉంది. అది ఒక్కసారే పెద్ద ఎత్తున చేసి పెట్టుకోవచ్చు, కారం తక్కువ, విదేశీయుడు కూడా తినగలడు. మన గోంగూర, ఊరమిరపకాయ అంత తేలిగ్గా ఓడ ఎక్కవు లెండి!

1990ల ప్రారంభంలో దర్యాగంజ్‌లోని అసలు హోటల్ ఇతరుల చేతికి వెళ్ళింది. గుజ్రాల్ మనవడు మోనిష్ గుజ్రాల్ మాత్రం ఫ్రాంచైజీ పద్ధతిలో మోతీ మహల్ పేరును విస్తరించారు. ఈ పద్ధతిలో పెట్టుబడి స్థానికుడిది. పేరు, వంట విధానం, శిక్షణ కుటుంబానివి. అందుకు ప్రవేశ రుసుము, అమ్మకాల్లో కొంత వాటా కుటుంబానికి వస్తాయి. అలా దేశవిదేశాల్లో శాఖలు వంద దాటాయి. ఇందులో కుటుంబం అమ్మేది చికెన్ కాదు, పేరు. పేరు మీద హక్కు గట్టిగా లేకపోతే అమ్మడానికి ఏమీ ఉండదు.

గొడవ అక్కడే వచ్చింది. జగ్గీ మనవడు ఒక మిత్రుడితో కలిసి 2019లో దర్యాగంజ్ అనే పేరుతోనే వేరే హోటల్ పెట్టారు. బటర్ చికెన్, దాల్ మఖనీ కనిపెట్టింది మేమేనని ప్రచారం చేసుకున్నారు. 2024 జనవరిలో గుజ్రాల్ కుటుంబం ఢిల్లీ హైకోర్టులో 2,752 పేజీల దావా వేసింది. సుమారు రెండు కోట్ల రూపాయల నష్టపరిహారం కోరింది. మా తాత పెషావర్‌లోనే ఈ వంటకం చేశాడని వీళ్ళ వాదన. ఢిల్లీ వచ్చాక వంట చేసింది మా తాత అని వాళ్ళ వాదన. జగ్గీ పక్షం చూపిన వాటిలో 1949 నాటి చేతిరాత భాగస్వామ్య పత్రం కూడా ఉంది. నలభై ఏళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాను కాబట్టి నా కన్ను ఆ పత్రం మీదే ఆగింది. డెబ్బై అయిదేళ్ళ పాటు దాన్ని ఎవరో బీరువాలో భద్రంగా దాచారు!

ఇక మన సంగతి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఒక భాగస్వామి చనిపోగానే సంస్థ రద్దయినట్టే. ఆ తర్వాత పేరు ఎవరిదో రాసుకోని అన్నదమ్ములు ఎంతమంది! మాకు తెలిసిన ఒక కుటుంబంలో అన్నగారి కొడుకు బోర్డు పేరును తన ఒక్కడి పేరున రిజిస్టరు చేయించుకున్నాడు. ముప్పై ఏళ్ళు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న బాబాయి తన దుకాణానికి కొత్త పేరు వెతుక్కోవలసి వచ్చింది. ఆయనకు పాత పత్రాల ఆధారంగా పోరాడే దారి ఉంది. ముందునుంచి వాడుతున్నవారికి ట్రేడ్‌మార్క్ చట్టం 34వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. కానీ ఆయన దగ్గర పాత బిల్లు ఒక్కటి కూడా లేదు.

హోటళ్ళకు ట్రేడ్‌మార్క్ 43వ తరగతిలో వస్తుంది. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. దరఖాస్తు జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలల లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. రిజిస్ట్రేషన్ పదేళ్ళు ఉంటుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు. అయితే అది భారతదేశానికే. దుబాయ్‌లో ఎవరైనా ముందే అదే పేరు రిజిస్టరు చేయించుకుంటే, ఇక్కడి సర్టిఫికెట్ ఒక్కటే అక్కడ సరిపోదు. 2013 నుంచి మన దేశం మాడ్రిడ్ ఒప్పందంలో ఉంది కనుక, ఇక్కడి దరఖాస్తు ఆధారంగా ఒకే అర్జీతో అమెరికా, సింగపూర్, యూఏఈ వంటి దేశాల్లోనూ కోరవచ్చు. మొదటి అయిదేళ్ళలో ఇక్కడి రిజిస్ట్రేషన్ కొట్టేస్తే అక్కడిదీ పోతుంది.

వంట విధానానికి ట్రేడ్‌మార్క్ రాదు. పప్పు పొడి ఎలా చేస్తారో వంటవాడికి తెలుసు, రేపు పక్క వీధిలో వాడు కూడా చేస్తాడు.

సంఘం ఆఫీసుకు వచ్చేవారు మొదటి ఏడాది ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లులు, పాత బోర్డు కనిపించే ఫొటో, భాగస్వామ్య పత్రం తీసుకురండి. వకీలు దగ్గరికి వెళ్ళే ముందు నేనొకసారి చూసి వరసగా పెట్టి ఇస్తాను. అన్నదమ్ములు ఇద్దరూ కలిసే రండి.