ముట్టుకోని టాబ్లెట్‌కి ఛార్జి ఎందుకు తరుగుతుంది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్ నుంచి వచ్చే పిలుపు కోసం ఎదురుచూసే ఇళ్ళు కోకొల్లలు. దుబాయిలో రాత్రి 8 గంటలకు వీడియో కాల్ చేస్తే మనకి తొమ్మిదిన్నర. తీరా ఆ వేళకి తీస్తే, పోయిన ఆదివారం నిండుగా ఛార్జి చేసి అల్మారాలో పెట్టిన టాబ్లెట్ ఆరిపోయి ఉంటుంది! పిల్లల్ని కోప్పడకండి. తెర ఆరినా అది పూర్తిగా నిద్రపోదు. వైఫైని పట్టుకుని, మెయిళ్ళు చూసుకుంటూ, యాప్‌లను సరిచేసుకుంటూ లోలోపల పని చేస్తూనే ఉంటుంది. సెట్టింగుల్లో ‘బ్యాటరీ’ అన్నచోట నొక్కితే ఏ యాప్ ఎంత తిన్నదో లెక్క కనిపిస్తుంది. అక్కరలేనిదాన్ని ఆపెయ్యండి. కాల్ వస్తుందనుకున్న రోజున వైఫై మాత్రం ఆపకండి, ఆపితే ఆ కాలే రాదు కదా! నాలుగు రోజులు పనిలేదంటే టాబ్లెట్‌ని స్విచాఫ్ చెయ్యడమే మేలు.

పూర్తిగా దించి మళ్ళీ నింపాలన్నది పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటి మాట. ఇప్పటి లిథియం బ్యాటరీకి అది చేటు. నెలల తరబడి దాచాలంటే సగం ఛార్జితో దాచండి. ఖాళీగా వదిలేస్తే మళ్ళీ ఎక్కకపోవచ్చు. అన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన ఎండల్లో కిటికీలోనో, పరుపు మీదనో పెట్టి ఛార్జి చెయ్యకండి. వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జరు వెంటనే తీసేసి, నొక్కి చూడకుండా రిపేరు షాపులో ఇచ్చెయ్యండి.