హృదయము విచ్చుకొనుటయు నొక పనియే



నేను వైద్యుడను గాను. ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పి విరమించినవాడను. అయినను నావంటి వయస్సువారికి అక్కఱకు వచ్చు నొక సంగతిని తెలిసినంతవఱకు మనవి చేసెదను.

హృదయమనగా రక్తమును బయటికి నెట్టు యంత్రమని మనము తలతుము. అది సగము మాటయే. నెట్టుటకు ముందు నిండవలయును, నిండుటకు విచ్చుకొనవలయును. ఈ విచ్చుకొనుటకే వ్యాకోచమని పేరు. బృహదారణ్యకోపనిషత్తు హృదయశబ్దములోని మూడక్షరములకు వేఱువేఱుగ నర్థము చెప్పుచు, తెచ్చుటను ముందుంచి, ఇచ్చుటను పిదప నుంచినది. ఋషులు రక్తప్రసరణమును వర్ణించిరని నేననను గాని, ఆ వరుస మాత్రము మనము జ్ఞప్తియందుంచుకొనదగినది.

మా బి.కొత్తకోట పెద్దలకు వెనుకటి కపిలబావుల సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎద్దులెంత బలమైనవైనను, బాన నిండనిదే కాలువలో నీరు పాఱదు. తోలు ఎండి బిఱుసెక్కినచో బాన చక్కగ విచ్చుకొనదు. హృదయమునందలి యెడమ జఠరికయు నట్టిదే. నిమిషమునకు 75 మాఱులు కొట్టుకొను గుండెకు ఒక్కొక్క మాఱు పట్టు కాలము సెకనులో పదింట ఎనిమిది పాళ్లు. అందు సుమారు మూడు పాళ్లు సంకోచమునకును, ఐదు పాళ్లు వ్యాకోచమునకును చెల్లును.

వార్ధకము, చిరకాలపు రక్తపుపోటు, మధుమేహము, స్థూలకాయము జఠరిక గోడను బిఱుసెక్కించును. అప్పుడు లోనికి రావలసిన రక్తము వెనుక నిలిచి ఊపిరితిత్తులలో ఒత్తిడి కలిగించును. అందుచే ఆయాసము పుట్టును. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయరోగుల వైద్యాలయము వెలసినది. అట్టి ప్రాంతమువారికి ఆయాసమనగానే ఊపిరితిత్తులే తలంపునకు వచ్చుట వింత గాదు. కాని మూలము గుండెలోను ఉండవచ్చును.

దానిని కనుగొను సాధనమే ఎకో పరీక్ష. హార్సిలీకొండ లోయలో కేకవేసిన ప్రతిధ్వని తిరిగి వచ్చునుగదా! అట్లే చెవికి వినరాని సూక్ష్మధ్వనిని గుండెపైకి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనితో బొమ్మ గీయుదురు. స్వీడను దేశపు లుండ్ నగరమున 1953లో ఎడ్లర్ అను వైద్యుడును, హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడును దీనికి నాంది పలికిరి. లోహములలో పగుళ్లు వెదకు యంత్రమునే వారు గుండెకు త్రిప్పిరి. దగ్గఱకు వచ్చు రైలుకూత హెచ్చుగను, దూరమగు కూత తగ్గుగను వినబడుటకు 1842లో డాప్లర్ చెప్పిన సూత్రమే కారణము. దానిచేత రక్తపు వేగమును గూడ కొలుతురు.

జఠరిక నిండునప్పుడు రెండు ధారలు కనబడును. జఠరిక విచ్చుకొన్నంతనే వచ్చునది మొదటిది. దీనిని 'ఇ' యందురు. పైనున్న కర్ణిక ముడుచుకొని నెట్టునది రెండవది; దీనిని 'ఏ' యందురు. యౌవనమున మొదటిదే పెద్దది. వయస్సుతో అది తగ్గుట సాధారణము, అంతమాత్రమున బెదరరాదు. చిక్కేమనగా, వ్యాధి ముదిరి వెనుక ఒత్తిడి పెరిగినచో మొదటి ధార మరల బలపడి ఆరోగ్యమువలె భ్రమ గొల్పును. రచ్చబండ పెద్దలు ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరుగదా! కావున వైద్యులు కండరము కదలు వేగమును గూడ కొలుతురు. ధార వేగము దానికి సగటున 14 రెట్లు మించినచో, లోపల ఒత్తిడి హెచ్చినదని యనుమానింతురు. ఎడమ కర్ణిక ఉబ్బినదా యనునది మఱియొక సాక్ష్యము.

మనవారు చీటీలో 'నూటికి 60 పాళ్లు పంపు చేయుచున్నది' యని చూచి, గుండె బాగున్నదని నిశ్చింతగ నుందురు. ఆ లెక్క లోనికి వచ్చినదానిలో ఎంత పోయినదో చెప్పునే గాని, తగినంత వచ్చినదా యని చెప్పదు. హృదయ వైఫల్యము గలవారిలో దాదాపు సగముమందికి ఈ లెక్క సరిగానే యుండును. కావున 'ముసలితనము, ఇంతే' యని ఆయాసమును దాచుకొనుట ప్రమాదకరము.

నాకును ఈ పరీక్ష జరిగినది. ఎడమవైపునకు ఒత్తిగిలి పరుండితిని. ఱొమ్మున చల్లని జిగురు పూసి చిన్న సాధనము నానించిరి. అరగంటలో ముగిసినది, నొప్పి లేదు, ఉపవాసము లేదు. తిరుపతిలో 1993 నుండి నడచు శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థయు, వేలూరి క్రైస్తవ వైద్య కళాశాలయు మనకు అందుబాటులోనివే.

మెట్టెక్కిన ఆయాసమైనను, వెల్లకిల పరుండిన ఊపిరాడకున్నను, పాదములు వాచినను వైద్యుని దర్శింపుడు. 'గుండె నెట్టుట సరే, నిండుట యెట్లున్నది?' యని యడుగుడు. రక్తపుపోటు మందును మీయంత మీరు మానవలదు. ఉప్పును, ఊరగాయను తగ్గింపుడు. బాన తోలు ఎండకముందే తడుపుట రైతు నేర్పు. గుండె బిఱుసెక్కకముందే జాగ్రత్తపడుట మన నేర్పు కావలయును.