దడ తగ్గింది, మాత్ర ఆపొచ్చా?

ముంజేతి మీద బొటనవేలి వైపున మూడు వేళ్లు ఆనించి అరనిమిషం నాడి చూడండి. మామూలు గుండె అయితే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం దాదాపు ఒకేలా ఉంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ల నాడికి తాళం ఉండదు. రెండు దెబ్బలు వెంటవెంటనే పడతాయి, ఓ ఖాళీ వస్తుంది, ఒకటి అందీ అందనట్టు తగులుతుంది, మళ్లీ గబగబా నాలుగు. ఎంతసేపు లెక్కపెట్టినా వరస దొరకదు. ఈసీజీ కాగితం మీదా అదే తంతు. నిలువు గీతల మధ్య దూరాలు ఒకదానితో ఒకటి పొసగవు, ప్రతి గీతకూ ముందు ఉండాల్సిన చిన్న బుడిపె కనిపించదు.

ఆ బుడిపె గుండె పైగదులది, అంటే కర్ణికలది. అవి ఒక్కసారిగా ముడుచుకుని రక్తాన్ని కింది గదుల్లోకి నెట్టాలి. ఈ జబ్బులో పైగదుల్లో నిమిషానికి 300 నుంచి 600 దాకా విద్యుత్ సంకేతాలు చెలరేగుతాయి. అన్ని సంకేతాలకు ఏ గదీ ముడుచుకోలేదు, గాలికి రావి ఆకు వణికినట్టు వణుకుతుందంతే. మధ్యలో ఏవీ నోడ్ అనే కణజాలం చాలావాటిని అడ్డుకుంటుంది కాబట్టి సరిపోయింది. అయినా అడ్డు తప్పించుకున్నవి చాలు, కింది గదులు నిమిషానికి 120, 150 సార్లు కొట్టుకోవడానికి. దడ, ఆయాసం, మెట్లెక్కితే నీరసం. కొందరికి ఇవేవీ ఉండవు. కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీలోనే మొదటిసారి బయటపడుతుంది.

ఈ జబ్బులో మనిషిని సతాయించేది ఒకటి, ప్రాణం మీదికి తెచ్చేది ఇంకొకటి. సతాయించేది దడ. ప్రాణం మీదికి తెచ్చేది ఎడమ కర్ణికకు ఓ పక్కన ఉండే చిన్న సంచి. గది సరిగ్గా ముడుచుకోనప్పుడు ఆ సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ ఎప్పుడో కదిలి మెదడు రక్తనాళంలో ఇరుక్కుంటే పక్షవాతం. ఈ జబ్బు లేనివాళ్లతో పోలిస్తే ఉన్నవాళ్లకు ఆ ముప్పు సుమారు ఐదు రెట్లు. దడ తగ్గించే మందు గడ్డను ఆపదు. గడ్డను ఆపే మందు దడ తగ్గించదు. మొదటిది వేసుకుంటే హాయిగా ఉంటుంది కాబట్టి ఎవరూ మరిచిపోరు. రెండోది వేసుకున్నా, మానేసినా ఒంట్లో ఏ తేడా తెలియదు, అందుకే జారిపోతుంది. డాక్టర్ల గదుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇందులోంచే పుడుతుంది:

"దడ తగ్గిందండీ, ఇంక ఆ మాత్ర ఆపొచ్చా?"

"మాస్టారూ, అది దడకిచ్చిన మాత్ర కాదండీ."

ఆ మాస్టారు గుంటూరులో 68 ఏళ్ల రిటైర్డ్ హెడ్మాస్టరు అనుకుందాం. రక్తం పల్చబడే మందు కావాలా వద్దా అన్నది ఆయన దడను చూసి తేల్చరు. దానికి మార్కుల పద్ధతి ఉంది. 65 దాటితే ఒక మార్కు, 75 దాటితే రెండు. బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి, గుండె బలహీనతకి ఒకటి, గుండెపోటులాంటి రక్తనాళాల జబ్బుకి ఒకటి, ఇదివరకే పక్షవాతం వచ్చి ఉంటే రెండు. ఆడవాళ్లకు ఇంకొకటి కలిపేవారు, 2024 యూరప్ మార్గదర్శకాలు దాన్ని తీసేశాయి. మాస్టారికి వయసు, బీపీ, షుగర్ కలిపి మూడు. రెండు గానీ అంతకు మించి గానీ ఉంటే మందు వాడాల్సిందే అంటారు. దడ నెలకోసారి వచ్చి పోతుందా, ఎప్పుడూ ఉంటుందా అన్నది ఈ లెక్కలోకే రాదు.

"ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నాను కదా, అదీ రక్తం పల్చబడేదే కదా?" ఇది ఇంకో మాట. ఎకోస్ప్రిన్‌లో ఉండే ఆస్పిరిన్ ఈ రకం పక్షవాతాన్ని తగ్గించేది ఐదో వంతు మాత్రమే. గడ్డను ఆపే పాత మందు వార్ఫరిన్ దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. ఈ తేడా తెలిసి కూడా మన ఊళ్లలో ఆస్పిరిన్‌తో సరిపెట్టడం ఇంకా సాగుతూనే ఉంది, అది నాకు మింగుడుపడదు.

వార్ఫరిన్ కథ పశువుల కొట్టంలో మొదలైంది. బూజు పట్టిన ఒక రకం గడ్డి తిన్న ఆవులు రక్తస్రావంతో చనిపోతుంటే, అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం కారణం వెతికింది. దాంట్లోంచి 1948లో ఎలుకల మందు వచ్చింది, 1954లో అదే మనుషులకు మందైంది. మన దగ్గర దాని దాయాది ఎక్కువ వాడుకలో ఉంది, ఎసిట్రోమ్ అంటే చాలామందికి తెలుసు. దీంతో రక్తం ఎంత పల్చబడిందో ఐఎన్ఆర్ పరీక్షతో చూస్తూ ఉండాలి. మామూలుగా రెండుకీ మూడుకీ మధ్య నిలవాలి. తక్కువైతే గడ్డ భయం, ఎక్కువైతే రక్తస్రావం భయం. ఆకుకూరల్లోని విటమిన్ కె దీనికి ఎదురు పనిచేస్తుంది. అలాగని తోటకూర, పాలకూర జన్మలో ముట్టొద్దని అర్థం కాదు. వారానికి ఎంత తింటారో అంతే తింటూ పోవాలి. ఏడాదంతా ఆకు ముట్టకుండా, ఆషాఢం వచ్చిందని వరసగా వారం రోజులు మునగాకు తింటే ఐఎన్ఆర్ పడిపోతుంది.

2009 తర్వాత ఈ జబ్బుకు డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మందులు వచ్చాయి. వీటికి ఐఎన్ఆర్ అక్కర్లేదు, ఆకుకూరల గొడవ లేదు. 18 వేలమందిపై జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో అపిక్సబాన్ వార్ఫరిన్ కంటే పక్షవాతాన్నీ తగ్గించింది, పెద్ద రక్తస్రావాలనూ తగ్గించింది. పేటెంట్ల గడువు తీరాక మన దేశంలో చాలా కంపెనీలు వీటిని చేస్తున్నాయి, ధరా దిగింది. పట్టింపులు లేకపోలేదు. అపిక్సబాన్ రోజుకు రెండుసార్లు పడాలి, రివరాక్సబాన్ అన్నంతోపాటు వేసుకోవాలి. వీటి ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. వార్ఫరిన్ ఒక పూట తప్పినా కొంత ఆసరా మిగులుతుంది, వీటితో ఒక రోజు తప్పితే ఆ రోజు రక్షణ లేనట్టే. మోతాదు కిడ్నీల పనితీరును బట్టి మారుతుంది కాబట్టి ఏడాదికి ఒక్కసారైనా క్రియాటినిన్ చూపించుకోవాలి.

మన దేశానికి ప్రత్యేకమైన మినహాయింపు ఒకటుంది. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి గుండెలోని మిట్రల్ కవాటం సన్నబడినవాళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు. పాశ్చాత్య దేశాల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముసలివాళ్ల జబ్బు, మన దగ్గర ముప్పై నలభై ఏళ్ల ఆడవాళ్లలోనూ కనబడుతుంది. కీళ్లవాతంతో గుండె దెబ్బతిన్న ఇలాంటివాళ్లకు కొత్త మందు మేలేమోనని భారత్ సహా అనేక దేశాల్లో నాలుగున్నర వేలమందిపై పరీక్షించారు. 2022లో వచ్చిన ఫలితం అందరూ అనుకున్నదానికి విరుద్ధం. రివరాక్సబాన్ వాడినవాళ్లలోనే మరణాలు ఎక్కువ. కవాటం బాగా సన్నబడినవాళ్లకూ, లోహపు కవాటం వేయించుకున్నవాళ్లకూ ఇప్పటికీ పాత మందే దిక్కు. "మా బావగారు కొత్త మాత్ర వాడుతున్నారు, రక్త పరీక్షలే లేవట" అని మందు మార్చుకునే ముందు ఎకో రిపోర్టులో కవాటం గురించి ఏముందో చూడాలి.

పల్లెటూళ్లలో ఇంకో ప్రమాదం నడుంనొప్పి ఇంజెక్షన్. రక్తం పల్చబడే మందు వాడేవాళ్లకు తుంటి కండలో సూది వేస్తే లోపల రక్తం గూడుకడుతుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావం తెస్తాయి. ఊళ్లో ఆర్ఎంపీకి, మెడికల్ షాపు అబ్బాయికి, పళ్ల డాక్టరుకి ఈ మందు సంగతి ముందే చెప్పుకోవాలి.

ఇక దడ సంగతి. ఒక దారి గుండె వేగాన్ని మెటోప్రొలాల్ వంటి మందుతో అదుపులో పెట్టి, లయ తప్పితే తప్పనీ అనుకోవడం. ఇంకోటి మందుతోనో, విద్యుత్ షాక్‌తోనో, అబ్లేషన్ అనే చికిత్సతోనో లయనే దారిలోకి తేవడం. 2002లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం ఆయుష్షు విషయంలో రెండూ ఒకటేనంది. 2020లో మరొకటి, జబ్బు బయటపడిన ఏడాదిలోపే లయను సరిచేయడం మొదలుపెడితే పక్షవాతాలు, గుండె మరణాలు తగ్గుతాయని చూపింది. అప్పటినుంచి మొగ్గు రెండో దారికి తిరిగింది. అమియోడరోన్ బలమైన మందే, కానీ థైరాయిడ్‌నీ ఊపిరితిత్తుల్నీ కనిపెట్టుకుని ఉండాలి.

అబ్లేషన్‌కు దారి చూపింది ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో మిషెల్ ఐసగేర్ బృందం. దొంగ సంకేతాల్లో అత్యధికం ఊపిరితిత్తుల నుంచి గుండెకు వచ్చే సిరల మొదళ్లలో పుడుతున్నాయని 1998లో పట్టుకున్నారు. తొడ దగ్గరి సిరలోంచి గొట్టం పంపి ఆ మొదళ్ల చుట్టూ కణజాలాన్ని కాల్చో, అతిచలితో గడ్డకట్టించో కంచె కడతారు. దడ బాగా తగ్గుతుంది. కొందరికి మళ్లీ చేయాల్సి వస్తుంది. 2019 నాటి ఓ పెద్ద పోలికలో ఆయుష్షు పెరిగిందని గట్టిగా తేలలేదు, బతుకు సుఖపడిందని మాత్రం తేలింది. దడ లేని మనిషికి ఖరీదైన అబ్లేషన్ చేయిద్దామని పిల్లలు తొందరపడేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వైద్యులు, ఊబకాయం ఉన్న రోగులు ఒంటి బరువులో పదో వంతు తగ్గి అలాగే నిలుపుకుంటే దడ లేకుండా గడిపే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుందని 2015లో చూపారు. ఇందుకు ఏ బిల్లూ లేదు. మద్యం మానేయడం, గురకతో ఊపిరి ఆగే జబ్బుకు వైద్యం కూడా ఇందులోకే వస్తాయి.

అబ్లేషన్ బాగా జరిగాక మాస్టారు మళ్లీ ఆ ప్రశ్నే అడుగుతారు. కనీసం రెండు మూడు నెలలు మాత్ర తప్పదు, ఆ తర్వాత మార్కుల్ని బట్టి అన్నది మార్గదర్శకాల మాట. 2025లో దక్షిణ కొరియా నుంచి వచ్చిన ఓ అధ్యయనం, ఏడాదిపాటు లయ తిరగబెట్టనివాళ్లలో ఆపినా నష్టం లేదంటోంది. అంటే ఇది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, ఇంట్లో తేల్చుకునేది కాదు.

బీమా దగ్గర అంతా తలకిందులు. ఈ జబ్బులో రోజూ ప్రాణం కాపాడేది మాత్ర. దానికయ్యే ఖర్చు, ఐఎన్ఆర్ పరీక్షలు, డాక్టరు ఫీజు అన్నీ ఓపీ ఖాతాలోవి. మామూలు పాలసీ ఆసుపత్రిలో చేరితేనే పలుకుతుంది. అబ్లేషన్‌కు చెల్లిస్తుంది, పక్షవాతం వస్తే ఐసీయూకు చెల్లిస్తుంది, ఆ పక్షవాతాన్ని ఆపే మాత్రకు చాలా పాలసీల్లో పైసా రాదు. సీజీహెచ్ఎస్, ఈఎస్ఐ ఉన్నవాళ్లు అదృష్టవంతులు, వాళ్లకు మందులూ అందుతాయి. తక్కినవాళ్లు పాలసీ బేరంలో ఓపీ కవర్ ఉందా అని అడిగి, దాని అదనపు ప్రీమియంను ఏడాది మందుల బిల్లు పక్కన పెట్టి చూసుకోవాలి. 'క్రిటికల్ ఇల్‌నెస్' పాలసీ ఈ జబ్బుకు పనికొస్తుందనుకోవద్దు. ప్రామాణిక జాబితాలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లేదు. పక్షవాతం ఉంది, అదీ లోపం మూడు నెలలకు మించి నిలిచిపోతేనే.

జబ్బు రాకముందే పాలసీ ఉన్నవాళ్లు చేయాల్సింది ఒక్కటే, గడువు తప్పకుండా రెన్యూవల్. జబ్బు వచ్చిందనో, క్లెయిమ్ చేశారనో కంపెనీ రెన్యూవల్ నిరాకరించడానికి వీల్లేదు. జబ్బు వచ్చాక కొత్తగా తీసుకునేవాళ్లకు హైదరాబాద్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ 2024లో కొంత ఊరట ఇచ్చింది. 65 దాటినా పాలసీ అడగొచ్చు. ముందునుంచీ ఉన్న జబ్బుకు నిరీక్షణ నాలుగేళ్ల నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గింది. ఐదేళ్లు ఆపకుండా ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, ఫలానాది చెప్పలేదని క్లెయిమ్ తిరగ్గొట్టకూడదు.

ఏజెంటు "ఇవన్నీ రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది" అంటాడు. రాయండి. దాచిన జబ్బు ఎక్కడ బయటపడుతుందో చెబుతాను. అర్ధరాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు "ఈ దడ ఎన్నాళ్ల నుంచి?" అని అడుగుతాడు. కంగారులో ఉన్న కొడుకు "ఎప్పటినుంచో ఉందండీ, నాలుగేళ్లవుతుంది" అంటాడు. అది కేస్ షీట్లోకి, అక్కడినుంచి డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. క్లెయిమ్ పరిశీలించేవాళ్లు ముందు చదివేది ఆ వాక్యాన్నే. దాచనివాళ్లకూ ఇది వర్తిస్తుంది. నోటికొచ్చిన లెక్క చెప్పకుండా, మొదటి ఈసీజీ తేదీ ఉన్న కాగితం చూపించాలి. అన్యాయంగా తిరగ్గొడితే ముందు కంపెనీకి, తర్వాత బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక ప్రభుత్వ పథకాలు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. తెలంగాణలో పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలైంది. 70 దాటినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల కవర్ ఉంది. ఇవీ ప్రధానంగా ఆసుపత్రిలో జరిగే వైద్యానికే. తేదీ ఖాయం చేసుకునేముందు మీకు చెప్పిన ప్రొసీజర్ ప్యాకేజీల జాబితాలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు ఒక్క మాట. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బును సాధారణంగా మినహాయిస్తాయి. ఉన్నట్టుండి ముదిరితే మాత్రం కొంత ఇస్తామంటాయి, దానికీ వయసు పరిమితులుంటాయి. సరిపడా మందులు ఇక్కడే కొనుక్కుని, చీటీలో బ్రాండు పేరుతోపాటు మందు అసలు పేరూ రాయించుకోండి. ఎసిట్రోమ్‌లో ఉండే మందు అమెరికాలో అమ్మకంలోనే లేదు. అది వాడేవాళ్లు దాంతోనే వెళ్లాలా, ప్రయాణానికి ముందే వార్ఫరిన్‌కు మారి ఐఎన్ఆర్ కుదుటపడ్డాక బయలుదేరాలా అన్నది టికెట్లు కొనకముందే డాక్టరును అడగాలి.