దూడ చేలోకి ఎందుకు వెళ్ళింది?

పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నా బల్ల మీద నుంచి కదలడం లేదు. రాసినామెకు 26 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం. రెండేళ్ళుగా ప్రేమించుకుంటున్న అబ్బాయితో పెళ్ళి మాటల దాకా వచ్చింది. తాంబూలాలు ఇంకో వారం ఉందనగా అబ్బాయి మేనత్తకు సంగతి తెలిసింది: ఈ అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారు. “ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?” అందట ఆవిడ. పెద్దల మాటలు అక్కడితో ఆగాయి. వాళ్ళిద్దరూ మాత్రం ఇంకా కలుసుకుంటూనే ఉన్నారు. “ఆ మాట పడ్డందుకు కాదండీ బాధ. అప్పట్నుంచీ అతనితో చిన్న మాట తేడా వచ్చినా, ఇదిగో మొదలైంది, నేను దూడనే అనిపిస్తోంది. దీనికి సైన్సులో ఏమైనా జవాబుందా?” అని అడిగింది.

ఉంది. ఒకటి కాదు, రెండున్నాయి. ఆ రెంటికీ పొసగదు. అందుకే ఈ నెల రాయాలనుకున్న వ్యాసం పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ముందు తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. విడాకులు తీసుకున్నవారి పిల్లల పెళ్ళిళ్ళు కూడా విడాకులకు దారితీయడం మిగతావారి కంటే ఎక్కువ. అమెరికా లెక్కల్లో ఈ తేడా సుమారు రెట్టింపు. రెట్టింపు అనగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. నూటికి పది పెళ్ళిళ్ళు విరిగే చోట రెట్టింపంటే ఇరవై. తక్కిన ఎనభై నిలబడ్డట్టే. మావిస్ హెథరింగ్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వర్జీనియాలో దాదాపు 1,400 కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించింది. విడిపోయిన ఇళ్ళ పిల్లల్లో తీవ్రమైన ఇబ్బందులున్నవారు నూటికి 25 మంది దాకా తేలితే, విడిపోని ఇళ్ళలో 10 మంది. మేనత్తకు ఆ 25 కనబడుతుంది, నాకు మిగిలిన 75 కనబడుతుంది. ఇంకొకటి: తల్లో తండ్రో చనిపోయి ఒక్కరి చేతుల మీద పెరిగిన పిల్లల పెళ్ళిళ్ళలో ఇంత తేడా కనిపించదు. కాబట్టి ఇంట్లో ఒకరు లేకపోవడమే కారణమనే వాదన నిలవదు. ఇక ‘విడాకుల ఇంటి పిల్లలు ఎవరినీ నమ్మలేరు’ అనే మాట. 2002లో వాలెరీ కింగ్ దాన్ని పరిశీలించింది. కౌమారంలో అమ్మతో, నాన్నతో పిల్లల అనుబంధం ఎలా ఉండేదో లెక్కలోకి తీసుకోగానే ఆ అపనమ్మకం చాలామటుకు మాయమైంది.

మరి విడాకుల ఇంటి పిల్లలంటే జన్మంతా దెబ్బతిన్నవాళ్ళే అన్న అభిప్రాయం ఇంతగా ఎలా పాకింది? అందులో జుడిత్ వాలర్‌స్టీన్ పాత్ర చాలా ఉంది. 1971లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో, విడాకులు తీసుకుంటున్న 60 కుటుంబాల నుంచి 131 మంది పిల్లలను ఎంచుకుని, పాతికేళ్ళు వదలకుండా వాళ్ళతో మాట్లాడింది. ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే. 2000లో వచ్చిన పుస్తకంలో ఆవిడ చెప్పిందేమిటంటే, విడాకుల దెబ్బ చిన్నతనంలో నిద్రపోతుంది, పిల్లలు పెద్దయి ప్రేమలో పడ్డప్పుడు నిద్రలేస్తుంది. చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, పుస్తకమూ బాగా అమ్ముడుపోయింది. కానీ మరిన్ కౌంటీ కలవారు ఉండే చోటు. ఆ కుటుంబాలు సలహాలూ ఓదార్పూ దొరుకుతాయని వచ్చినవి. చాలామంది తల్లిదండ్రులకు అంతకు ముందు నుంచే మానసిక ఇబ్బందులున్నాయి. పైగా పక్కన పెట్టి పోల్చడానికి విడిపోని కుటుంబాలు మొదట్లో లేనేలేవు. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు ప్రేమలో భయపడుతున్నాడంటే అది విడాకుల వల్లా, ఇరవై ఏడేళ్ళ వయసు వల్లా? పోల్చకుండా ఎలా చెబుతాం?

ఇప్పుడు నాకిష్టమైన చోటికి వచ్చాం. ఆ సామెతనే పరీక్షకు పెడదాం. ఆవు చేలో మేసింది, దూడా చేలో మేసింది. ఎందుకు? తల్లి వెంట తిరిగి నేర్చుకుని ఉండొచ్చు. తల్లిని చూడకపోయినా, దాని జిహ్వచాపల్యమే పుట్టుకతో వచ్చి ఉండొచ్చు. లేదా అసలు ఆ చేనుకు కంచె లేదేమో. మేనత్తగారి సామెత ఈ మూడింటినీ ఒక్క ముద్దలో కలిపేసింది. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం అదే పని చేశారు: సమాజ శాస్త్రజ్ఞులు మొదటిది తప్ప మాట్లాడలేదు. మామూలు ఇంట్లో మొదటి రెండింటినీ విడదీయడం కుదరదు మరి. రక్తం ఇచ్చినవాళ్ళే అన్నమూ పెట్టారు.

విడదీసే దారి ఒకటుంది: పుట్టగానే దూడను వేరే మందలో కలపడం. అంటే దత్తత. 2018లో జెస్సికా సాల్వటోర్, కెన్నెత్ కెండ్లర్, స్వీడన్‌లోని వారి సహచరులు కలిసి 19,715 మంది దత్తత పిల్లల వివరాలు తీశారు. ఎవర్నీ ఇంటికెళ్ళి అడగలేదు. స్వీడన్‌లో 1947 నుంచి ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఉంది. పుట్టుక, దత్తత, పెళ్ళి, విడాకులు అన్నీ ఆ సంఖ్య కిందే నమోదవుతాయి. పెరిగి పెళ్ళిళ్ళు చేసుకున్న ఈ దత్తత పిల్లల విడాకులు ఎవరి విడాకులతో సరిపోలాయి? కన్నవారితో. పెంచినవారు విడిపోయారా లేదా అన్నదానికీ వీళ్ళ కాపురాలకూ సంబంధం కనబడలేదు. వేరే ఇళ్ళలో పెరిగిన సొంత తోబుట్టువులతోనూ పోలిక ఉంది; ఒకే ఇంట్లో పెరిగిన పెంపుడు తోబుట్టువులతో లేదు. అంతకు ముందే, 1992లో, మాట్ మెక్‌గ్యూ, డేవిడ్ లిక్కెన్ మినెసోటాలో 1,516 కవల జంటలను పరిశీలించి విడాకుల ముప్పులో జన్యువుల వాటా గట్టిగానే ఉందని చెప్పారు. ‘విడాకుల జన్యువు’ అంటూ ఒకటి ఉందని కాదు. త్వరగా కంగారుపడే గుణం, తొందరపాటు, ఉన్నదాంట్లో తప్పులే చూసే అలవాటు లాంటివి కొంత పుట్టుకతో వస్తాయి. కాపురం వాటికి రోజూ పరీక్ష పెడుతుంది.

ఈ లెక్కన మేనత్తే గెలిచిందనుకుంటారు. ఆగండి. దత్తత ఇచ్చేటప్పుడు ఎవరికి ఇస్తారు? స్థిరంగా, సౌమ్యంగా కాపురం చేసుకునేవారిని వెతికి వెతికి ఇస్తారు. అన్నీ పచ్చగా ఉన్న ఇళ్ళే తీసుకుని, ఇంటి వాతావరణం ప్రభావం చూపలేదంటే ఎలా?

అందుకే నాకు రెండో పద్ధతి ఇష్టం: కవలల పిల్లలను పోల్చడం. అచ్చుగుద్దిన కవలలు, అక్కాచెల్లెళ్ళు ఉన్నారనుకోండి. అక్క విడాకులు తీసుకుంది, చెల్లెలు తీసుకోలేదు. ఇద్దరి జన్యువులూ ఒకటే. అంటే చెల్లెలి పిల్లలకు తల్లి వైపు నుంచి అందినది అక్క పిల్లలకు అందినదానితో సమానం, కానీ వాళ్ళ ఇంట్లో విడాకులు జరగలేదు. తప్పంతా రక్తానిదే అయితే ఇద్దరి పిల్లల కాపురాలూ ఒకే విధంగా కుదుపులకు లోనవ్వాలి. తప్పు ఇంటిదైతే అక్క పిల్లలవే లోనవ్వాలి. ఇక మామూలు కవలల పిల్లల్ని కూడా పక్కన పెట్టి చూస్తే తూకం ఎటు మొగ్గుతుందో ఇంకా తెలుస్తుంది. నాకు తెలిసినంతలో ఇంత చక్కని ప్రయోగం ప్రకృతి ఇంకెక్కడా ఉచితంగా చేసి పెట్టలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కదారి పడతాను, క్షమించాలి. అచ్చుగుద్దిన కవలల పిల్లలు జన్యుపరంగా ఒకే తల్లికి వేర్వేరు తండ్రుల వల్ల పుట్టిన తోబుట్టువులతో సమానం. నాలుగో వంతు జన్యువులు ఉమ్మడి. మామూలు పెదనాన్న, పిన్ని పిల్లల మధ్య అది ఎనిమిదో వంతే. ఇంగ్లీషువాళ్ళు వీళ్ళందరినీ కజిన్ అనే ఒక్క మూటలో కట్టేస్తారు. మనకు అలా కాదు. పిన్ని పిల్లలు అన్నాచెల్లెళ్ళు, మేనమామ పిల్లలు బావామరదళ్ళు. అచ్చుగుద్దిన కవలలు ఎప్పుడూ ఇద్దరూ ఆడవాళ్ళో, ఇద్దరూ మగవాళ్ళో అవుతారు కదా! కాబట్టి వాళ్ళ పిల్లలు మన వరసలో ఎప్పుడూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే అవుతారు, బావామరదళ్ళు కానే కారు. మన వరసలు జన్యుశాస్త్రం చూసుకుని పుట్టలేదు, కానీ ఈ ఒక్కచోట సరిగ్గా పలికాయి. ఇది తట్టిన రోజు మా ఇంట్లో కనబడ్డ ప్రతివారికీ చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. “పిన్ని పిల్లలు తోబుట్టువులు కాక ఇంకేమిటి?” అంది మా అమ్మ.

సరే, ఫలితం. ఆస్ట్రేలియాలోని కవలల కుటుంబాల సమాచారంతో బ్రయన్ డనోఫ్రియో బృందం 2007లో ఈ పోలిక చేసింది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సాగే ఈ ముప్పులో సుమారు మూడింట ఒక వంతుకు జన్యువుల వంటి ముందస్తు కారణాలున్నాయి. మిగతా రెండు వంతులు విడాకుల వల్లే అనుకోవడానికి సరిపోతున్నాయి. పద్ధతిలో లొసుగు లేకపోలేదు: అక్కాచెల్లెళ్ళు కవలలే గానీ తోడల్లుళ్ళు కవలలు కారు, తండ్రి నుంచి వచ్చే సగం వేరే. అయినా నా ఓటు దీనికే.

ఎందుకంటే పాల్ అమాటో, డనెల్ డిబోర్ 2001లో చేసిన పని ఒకటుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో 1980లో మొదలైన ఒక పెద్ద సర్వేలో 2,033 మంది వివాహితులను ఫోన్లో అడిగారు: మీ ఇద్దరికీ ఎంత తరచుగా పడదు? దేని మీద? ఎప్పుడైనా చేయి చేసుకున్నారా? అప్పటికి ఎవరు విడిపోతారో ఎవరికీ తెలియదు. తర్వాత 1992, 1997లలో వాళ్ళ పిల్లలతో మాట్లాడారు. ఫలితం చూడండి. రోజూ గిన్నెలు విసురుకుంటూ కూడా విడిపోని వారి పిల్లలకు విడాకుల ముప్పు పెరగలేదు. పోట్లాడుకుని విడిపోయినవారి పిల్లలకు కొంత పెరిగింది. అన్నిటికంటే ఎక్కువ పెరిగింది, పెద్దగా గొడవలే లేకుండా ఒకరోజు విడిపోయినవారి పిల్లలకు!

గొడవపడే స్వభావం రక్తంలో వచ్చేదైతే, గిన్నెలు విసురుకున్న ఇంటి పిల్లలకే ఎక్కువ రావాలి. మాట్లాడుకోవడం చేతకాకపోవడం చూసి నేర్చుకునేదైతే, అదీ వాళ్ళకే ఎక్కువ రావాలి. రాలేదు. అమాటో చెప్పిన వివరణ ఇది: నిత్యం పోట్లాట చూసిన పిల్లలకు విడాకులు ఒక విడుదల, వాటి కారణం కళ్ళెదుటే ఉంది. ఏమీ లేని ఇంట్లో హఠాత్తుగా జరిగితే, పెళ్ళంటే ఏ కారణమూ లేకుండా కూడా ముగిసిపోయేదే అనే పాఠం పడుతుంది. పిల్లలకు అందింది గాయం కాదు, ఒక అంచనా. విడిపోయే నిర్ణయం తీసుకునే తెగువే వంశంలో వస్తుందేమో అని జన్యువాదులు అడ్డు తగలొచ్చు. తగలనివ్వండి, మంచి ప్రశ్నే.

కంచె సంగతి మిగిలింది. నికొలస్ వోల్ఫింగర్ అమెరికా సర్వేలు తిరగేసి, 1973 నుంచి 1996 వరకు ఈ ముప్పు క్రమంగా తగ్గుతూ వచ్చిందన్నాడు. ఆ లెక్క సరికాదన్నవాళ్ళూ ఉన్నారు. యాప్ డ్రాంకర్స్, యుహో హార్కనెన్ 2008లో 18 దేశాల స్త్రీల వివరాలు పోల్చి, విడాకులు మామూలైన చోట తల్లిదండ్రుల విడాకుల ప్రభావం పలచబడుతుందన్నారు. విడిపోవడం అరుదైన చోట విడిపోయినవారి పిల్లలకు తక్కినవాళ్ళ చూపే సగం భారం. మన దగ్గర 2011 జనాభా లెక్కల ప్రకారం విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షలు. కోర్టుకు వెళ్ళకుండా విడిగా బతుకుతున్నవారు అంతకు రెండు రెట్లు దాటి ఉన్నారు. ఇది మేనత్తలు అడగని కాలమ్.

ఉత్తరం రాసిన అమ్మాయికి దీంతో ఏం ఉపయోగం? చాలా తక్కువ. ఈ లెక్కలు వేల మంది గుంపు గురించి, ఒక్క మనిషి గురించి ఏమీ చెప్పవు. అయినా పోయిన ఆదివారం మా వీధిలో సంబంధాలు చూసే ఒక పెద్దాయన దగ్గర ఈ కవలల పిల్లల కథంతా గంటసేపు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విడాకులు తీసుకున్నారా అని కాదండీ, ఇంట్లో గొడవలుండేవా లేవా, పిల్లలతో ఎలా ఉండేవారు అని అడగాలి అన్నాను. ఆయన తన దగ్గరున్న బయోడేటా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పేరు, గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, జీతం.

“ఎక్కడ రాయమంటారు సార్? ఖాళీ లేదు.”