పూరీ దాకా వెళ్లి వెనక్కి రాకండి!

పెళ్లయి ఇరవై ఏళ్లు దాటిందా? మీవారూ మీరూ ఇద్దరే కలిసి సరదాగా ఊరెళ్లి ఎన్నాళ్లయింది? పెళ్లిళ్లూ, గృహప్రవేశాలూ, మొక్కులూ లెక్కలోకి రావు సుమండీ!

మాకైతే చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు. అబ్బాయి హాస్టల్లో, అమ్మాయి అత్తారింట్లో. పోయిన డిసెంబరులో ఇల్లు బోసిపోయి కనిపిస్తుంటే, "పూరీ వెళ్దామండీ" అన్నాను. జగన్నాథస్వామి పేరు చెబితే అత్తగారు కాదనరని నా ధైర్యం. నిజం చెప్పొద్దూ, నా మనసులో దర్శనం ఒక్కటే లేదు. పూరీకి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, చిలికా సరస్సు ఒడ్డున సాతపడా అనే చిన్న ఊరుంది. అక్కడి నీళ్లలో డాల్ఫిన్లున్నాయి. మనవాళ్లు చాలామంది దర్శనం చేసుకుని, ప్రసాదం కట్టించుకుని అట్నుంచటే రైలెక్కేస్తారు. మీరు మాత్రం రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి.

చెరువనుకునేరు!

చిలికా వేసవిలోనే సుమారు 900 చదరపు కిలోమీటర్లుంటుంది. వానలు పడితే 1,100 దాటిపోతుంది. నదుల మంచినీళ్లూ, బంగాళాఖాతం ఉప్పునీళ్లూ కలిసే చోటది. ఒకప్పుడు ఇసుక మేట వేసి సముద్రం నీళ్లు లోపలికి సరిగా రాకుండా పోయాయి. చేపలు తగ్గిపోయాయి, నాచు పెరిగిపోయింది. 2000లో సముద్రంలోకి కొత్త దారి తవ్వాక సరస్సు మళ్లీ ఊపిరి పోసుకుంది.

ఇక్కడుండేవి ఇరావడీ డాల్ఫిన్లు. గుండ్రటి తల, బూడిదరంగు ఒళ్లు, మూతి పొడుగ్గా ఉండదు. టీవీలో చూసేవాటిలా గాల్లోకి గంతులెయ్యవు. వీపు ఇలా కనిపించి అలా మాయమవుతుంది. ఈమధ్య లెక్కల్లో చిలికా మొత్తానికీ 150కి అటూ ఇటూగా తేలాయి. ఉన్నవే అన్ని!

మేం దిగిన బస చిన్నదే. గది మామూలే కానీ, వసారాలో కుర్చీ వేసుకుంటే ఎదురుగా అంతా నీళ్లే. వంట లేదు, గిన్నెలు లేవు, పాలవాడి గంట లేదు. మొదటి గంటసేపు నాకేం తోచలేదంటే నమ్ముతారా?

మొదటి సాయంత్రం

ఆశగా బోటెక్కాం. మాతోపాటు ఏడెనిమిది బోట్లు. ఎక్కడైనా ఒక వీపు కనిపిస్తే చాలు, అన్నీ అటే! ఇంజన్ల రొద, అరుపులు, కెమెరాలు. "అటు పోనీ, అటు పోనీ" అని మావారు కూడా కేకలే. బోటువాడిని తప్పుపట్టడం దేనికి? డాల్ఫిన్ కనిపించకపోతే గొడవపెట్టేది మనమేగా! గంటన్నర తిరిగితే మా కెమెరాలో పడ్డవి నీళ్లు, పక్క బోటువాళ్ల తలలు.

రాత్రి భోజనం వడ్డిస్తూ బసలోని వంట పెద్దాయన అడిగాడు, చూశారా అని. గంజాం జిల్లావాడట, తెలుగు బాగానే వచ్చు. మా కథ విని, "అది ఊపిరి తీసుకోవడానికి పైకొస్తుందమ్మా. చుట్టూ చేరి ఊపిరాడనివ్వకపోతే ఎట్లా?" అన్నాడు.

ముద్ద గొంతులో అడ్డుపడినట్టయింది. డాల్ఫిన్ చేప కాదు కదా. మనలాగే గాలి పీల్చుకుంటుంది, బిడ్డకి పాలిస్తుంది. ఊపిరి కోసం పైకి రాక తప్పదు. అప్పుడే బోటు కిందికొస్తే రెక్కల చక్రం కోసేస్తుంది. చిలికాలో ఇవి చచ్చిపోవడానికి చేపల వలల్లో చిక్కుకోవడం ఒక కారణమైతే, ఈ చక్రాల దెబ్బలు ఇంకో కారణం.

మర్నాటి పొద్దున్న

తెల్లారేసరికి మా ఇద్దరికే ఒక బోటు మాట్లాడుకున్నాం. "మెల్లగా తీసుకెళ్లి దూరంగా ఇంజన్ ఆపెయ్యి బాబూ. వెంటపడొద్దు" అన్నాను. అతను మమ్మల్ని వింతగా చూశాడు. "కనిపించకపోతే డబ్బులు వెనక్కి అడగరు కదా?" అన్నాడు. "అడగం" అన్నారు మావారు. ఆ మాటతో అతని మొహం తేటపడింది.

ఇంజన్ ఆగింది. పల్చటి మంచు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు... మావారు వాచీ చూసుకోబోయి మానేశారు. అప్పుడు వినిపించింది, కుక్కర్ విజిల్ రాకముందు ఆవిరి వదిలినట్టు, "ఫుస్" మని! తిరిగి చూస్తే బోటుకి కాస్త దూరంలో ఒక పెద్ద వీపు, దాన్ని ఆనుకుని ఒక చిన్న వీపు. తల్లీబిడ్డా! మూడుసార్లు పైకొచ్చి, తొందరేం లేనట్టు వెళ్లిపోయాయి.

కెమెరా మావారి ఒళ్లోనే ఉండిపోయింది. కాసేపాగి మెల్లగా అన్నారు కదా, "మనం ఇంతసేపు మాట్లాడుకోకుండా కూర్చున్నది దెబ్బలాడుకున్నప్పుడే!" నాకు నవ్వాగలేదు. ఫొటో లేదు కానీ, ఆ పొద్దు మాత్రం మా ఇద్దరికీ మిగిలింది.

మీరు వెళితే...

* డాల్ఫిన్లు ఏడాది పొడుగునా ఉంటాయి. వలస పిట్టలు కూడా కావాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లండి. సరస్సుకి ఉత్తరపు వైపున్న మంగళాజోడి ఊళ్లో, గెడతో తోసే పడవల్లో పిట్టల్ని చూపిస్తారు. ఒకప్పుడు ఆ పిట్టల్ని వేటాడిన ఊరివాళ్లే ఇప్పుడు కాపలా కాస్తున్నారు!

* బేరం ముందే ఆడండి. ఎన్ని గంటలు, ఎక్కడెక్కడికి అన్నది తేల్చుకోండి. వెంటపడొద్దని కూడా అప్పుడే చెప్పండి. లైఫ్ జాకెట్ లేనిదే బోటెక్కొద్దు.

* ఇసుక దిబ్బల దగ్గర ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం తీసి చూపిస్తారు. మురిసిపోయి కొనకండి. మోసపోతారు.

* శాలువా, టోపీ, మంచినీళ్లు దగ్గరుంచుకోండి. మెరిసే చీరలు వద్దు, ఆకుపచ్చో మట్టిరంగో మేలు. తిన్నాక కవర్లు నీళ్లలో వెయ్యకండి.

* అక్కడి దాల్మా తప్పక తినండి. కందిపప్పులో గుమ్మడి, అరటికాయ, వంకాయ ముక్కలు వేసి ఉడికించి, నేతిలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర తాలింపు పెడతారు. దించాక వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. మా ఇంట్లో ఇప్పుడు ఆదివారాలు అదే!

ఈసారి మీవారు "పూరీ వెళ్దామా" అంటే, "ఇంకో రెండు రోజులు సెలవు పెట్టండి" అనండి. బోటెక్కాక ఇంజన్ ఆపించడం మాత్రం మర్చిపోకండేం!