స్థానిక పాఠాలతో ప్రపంచ అవగాహన: మెట్ట ప్రాంత పాఠశాలల ముందున్న అవకాశం

(ప్రత్యేక వ్యాసం)

2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ సమీపాన ఐతవరం వద్ద హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారిపైకి వరద చేరడంతో రాకపోకలు స్తంభించాయి. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో పాలేరు ఉద్ధృతికి జగ్గయ్యపేట మండలం గరికపాడు వద్ద అదే రహదారి దెబ్బతిన్నది. అదే వరదలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రం పాలైనది. వాతావరణ మార్పు అనే మాట పాఠ్యపుస్తకంలో ఒక పుట మాత్రమే. ఈ ప్రాంత విద్యార్థులకు మాత్రం అది ఇంటి ముంగిటకు వచ్చిన అనుభవం. ఆ అనుభవాన్ని పాఠంగా మలచడమే స్థానిక విద్య ద్వారా ప్రపంచ అవగాహన కల్పించడం.

విధానపరమైన పునాది

ఈ ఆలోచన కొత్తది కాదు. పర్యావరణ విద్యను పాఠశాల స్థాయి నుంచి బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. 10 నుంచి 17 సంవత్సరాల బాలబాలికలు తమ పరిసరాల సమస్యలపై స్వయంగా పరిశోధించే బాలల జాతీయ సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి జరుగుతున్నది. 2001-02లో జాతీయ హరితదళం కింద పాఠశాలల్లో ఎకో క్లబ్బుల ఏర్పాటు ప్రారంభమైనది. పాఠశాల జ్ఞానాన్ని బయటి జీవితంతో ముడిపెట్టాలన్నది జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం-2005 మార్గదర్శక సూత్రాలలో మొదటిది. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో 4.7వ అంశం 2030 నాటికి విద్యార్థులందరికీ ప్రపంచ పౌరసత్వ దృక్పథం అలవడాలని నిర్దేశించింది.

సున్నపురాయి చెప్పే రసాయన శాస్త్రం

జగ్గయ్యపేట పరిసరాలు సున్నపురాయి నిక్షేపాలకు, సిమెంటు కర్మాగారాలకు నిలయం. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలను కాల్చినచో 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. బట్టీ ఇంధనం నుంచి వెలువడే వాయువు దీనికి అదనం. ప్రపంచవ్యాప్తంగా మానవ కార్యకలాపాల వలన వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు పరిశ్రమ వాటా. అయితే అనేక కుటుంబాలకు ఉపాధి కల్పిస్తున్నదీ ఈ పరిశ్రమే. ఉపాధిని నిలుపుకొంటూ కాలుష్యాన్ని తగ్గించడమెట్లా అన్న ప్రశ్నకు ప్రపంచ దేశాలు సమాధానం వెదుకుతున్నాయి. పదవ తరగతి విద్యార్థి సైతం ఆ చర్చలో పాలుపంచుకోగలడు.

పత్తి ధర వెనుక ప్రపంచం

నందిగామ ప్రాంత రైతులకు పత్తి ప్రధాన వాణిజ్య పంట. పత్తి దిగుమతులపై ఉన్న 11 శాతం సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో నిలిపివేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించింది. పత్తి తీతల కాలంలో అమలైన ఆ నిర్ణయం గ్రామంలోని క్వింటాలు ధరకు ఏ విధంగా సంబంధించినదో విద్యార్థులు తల్లిదండ్రుల పత్తి అమ్మకపు రశీదులతో, మద్దతు ధరతో పోల్చి లెక్కకట్టవచ్చును. గణితం, అర్థశాస్త్రం, భూగోళం ఒకే పాఠంలో కలుస్తాయి.

ధనంబోడు చాటే చరిత్ర

జగ్గయ్యపేట ధనంబోడు వద్ద గల బౌద్ధస్తూపాన్ని జేమ్స్ బర్జెస్ 1882లో పరిశీలించి వెలుగులోకి తెచ్చారు. ఇక్కడ లభించిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనాలూ ఇక్కడ లభించాయి. కృష్ణాతీరం ఆసియా దేశాలతో ఎంతటి సంబంధాలు నెరపినదో ఈ స్తూపం సాక్షిగా బోధించవచ్చును.

అవగాహన నుంచి ఆచరణకు

తెలుసుకొనడంతో పాఠం పూర్తి కాదు. పాఠశాల ఆవరణలో వర్షపాతాన్ని, గ్రామ బావులలో నీటిమట్టాన్ని ప్రతి వారం నమోదు చేయడం, గత వరదల నీటిమట్టాన్ని పెద్దలనడిగి గోడలపై గుర్తించడం, ముంపు ఇళ్ల పటాన్ని గ్రామసభకు సమర్పించడం విద్యార్థులు చేయదగిన పనులు. తదుపరి వరద సమయంలో ఎవరిని ముందుగా తరలించాలో ఆ పటం తెలుపగలదు. వరద రోజులలో పిల్లలను ఏటి ఒడ్డుకు పంపరాదు. క్షేత్ర పరిశీలన పేరిట పత్తి చేలలో పని చేయించరాదు.

రెవెన్యూ, నీటిపారుదల, వ్యవసాయ శాఖల అధికారులు తమ వద్దనున్న వర్షపాత, ప్రవాహ వివరాలను పాఠశాలలకు తెలుగులో అందజేసినచో ఈ కృషికి బలం చేకూరుతుంది. విద్యార్థుల పరిశీలనలను పాత్రికేయులు ప్రజల దృష్టికి తెచ్చినచో అవి నోటుపుస్తకాలకే పరిమితం కావు. మున్నేటి నీటిమట్టాన్ని కొలవడం నేర్చిన విద్యార్థికి ప్రపంచంలోని ఏ నది వార్త అయినా పరాయిది కాదు.